నురగ లేని ఊపిరితిత్తులు

ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ బతకదని మన పెద్దవాళ్లు ఇప్పటికీ అంటూనే ఉంటారు. ఎనిమిదో నెలలో నొప్పులు మొదలైతే చాలు, ఇంట్లో అందరి ముఖాలూ వాడిపోతాయి. ఈ నమ్మకం మన ఒక్కరిదే కూడా కాదు. హిప్పోక్రటీస్ పేరున చలామణీ అయిన ప్రాచీన గ్రీకు వైద్య గ్రంథాల్లోనూ ఎనిమిదో నెల బిడ్డ గండం గురించి ఉంది. రెండు వేల ఏళ్లకు పైగా ఇంత ధీమాగా తప్పు చెబుతూ వచ్చిన మాటలు అరుదు. నెలలు నిండేదాకా కడుపులో ఒక్కో వారం గడిచేకొద్దీ బిడ్డ బతికే అవకాశం పెరుగుతుందే తప్ప తగ్గదు. అందుకు పెద్ద కారణం ఊపిరితిత్తులు. గర్భంలో బిడ్డకు వాటితో పని లేదు, ప్రాణవాయువు తల్లి రక్తం నుంచే అందుతుంది. బయటికొచ్చిన మరుక్షణం నుంచి అన్నీ అవే చూసుకోవాలి. అందుకు కావలసిన ఒక జిగట పదార్థం ఆ చివరి వారాల్లోనే తగినంతగా తయారవుతుంది.

ఆ పదార్థం చాలకపోవడమే నెలతక్కువ పిల్లల ప్రాణాలు తీస్తోందని 1959లో చూపించిన డాక్టరు మేరీ ఎల్లెన్ ఏవరీ. అమెరికాలో పిల్లల వైద్యురాలు. అప్పటికి ఆమెకు ముప్ఫై దాటి ఎంతో కాలం కాలేదు.

ఆ రోజుల్లో ఆస్పత్రుల్లో జరిగేది ఇది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ మొదట బాగానే ఏడుస్తుంది. గంటలు గడిచేసరికి ఊపిరి వేగం పెరుగుతుంది. ముక్కుపుటాలు అదురుతాయి. డొక్కలు ఎగరేస్తుంది, గాలి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతుంది. ఊపిరి వదిలేటప్పుడు సన్నని మూలుగు వినిపిస్తుంది. ఒళ్లు నీలం తిరుగుతుంది. మూడు రోజులు గట్టెక్కితే చాలామంది కోలుకునేవారు. గట్టెక్కనివాళ్లు అమెరికా ఒక్కదానిలోనే ఏటా పది వేలకు పైబడి ఉండేవారు. డాక్టర్లు ఆక్సిజన్ పెట్టి ఎదురుచూడటం తప్ప చేయగలిగిందేమీ లేదు.

చనిపోయిన బిడ్డల ఊపిరితిత్తులను మైక్రోస్కోపు కింద పెడితే గాలి గదుల గోడలకు అంటుకుని గాజులాంటి గులాబీ రంగు పొర కనిపించేది. అందుకే జబ్బుకు ‘హయలిన్ మెంబ్రేన్ డిసీజ్’ అని పేరు పెట్టారు. పొర కనిపించింది కాబట్టి అందరూ దాని వెంట పడ్డారు. బిడ్డ ఉమ్మనీరు పీల్చి ఉంటుందన్నారు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటాయన్నారు. ఎవరి వాదం ఏదైనా, లోపల ఉండకూడనిది ఏదో చేరిందన్నదే అందరి ఆలోచన. ఉండవలసింది ఏదైనా లేదేమో అన్న ప్రశ్న దాదాపు ఎవరూ వేయలేదు.

ఏవరీ 1927లో న్యూజెర్సీ రాష్ట్రంలోని క్యామ్‌డెన్‌లో పుట్టింది. వాళ్ల పక్కింట్లో ఎమిలీ బేకన్ అనే పిల్లల డాక్టరమ్మ ఉండేది. ఆమెను చూసే తానూ డాక్టరు కావాలనుకుంది. రసాయన శాస్త్రంలో డిగ్రీ చేసి, జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాలలో చేరింది. తరగతిలో తొంభై మంది ఉంటే ఆడపిల్లలు నలుగురే. 1952లో పట్టా చేతికొచ్చిన కొద్ది రోజులకే ఆమెకు క్షయ ఉందని తేలింది. నెలల తరబడి మంచం మీద విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. తన ఊపిరితిత్తులే తనను పడుకోబెట్టిన తరవాత వాటి మీద ధ్యాస పుట్టిందని ఏవరీ తరవాత చెప్పుకునేది. కోలుకుని హాప్కిన్స్‌లోనే పిల్లల వైద్యంలో శిక్షణ ముగించి, 1957లో బోస్టన్ వెళ్లి హార్వర్డ్‌లో జెరె మీడ్ ప్రయోగశాలలో చేరింది. మీడ్‌కు పిల్లల వైద్యంతో సంబంధం లేదు. ఊపిరితిత్తులు ఎంత ఒత్తిడికి ఎంత సాగుతాయి, గాలి వదిలినప్పుడు ఎలా ముడుచుకుంటాయి అన్న లెక్కలు ఆయన లోకం. పగలు పురిటి ఆస్పత్రిలో పిల్లల్ని చూడటం, మిగతా సమయంలో ఈ లెక్కలు నేర్చుకోవడం ఆమె దినచర్య.

చనిపోయిన శిశువులకు శవపరీక్ష జరుగుతుంటే ఆమె పక్కన నిలబడి చూసేది. వేరే కారణంతో పోయిన బిడ్డ ఊపిరితిత్తిని కోసి నొక్కితే శ్వాసనాళాల్లోంచి తెల్లటి నురగ వస్తుంది. చిన్న చిన్న బుడగలు, ఒక పట్టాన పగలవు. ఊపిరాడక పోయిన నెలతక్కువ బిడ్డల ఊపిరితిత్తుల్లో ఆ నురగ కనిపించలేదు. గాలి కూడా దాదాపు లేదు. కత్తి పట్టుకున్న ప్రతి పాథాలజిస్టు కళ్ల ముందూ ఉన్న సంగతే ఇది. కాకపోతే నురగ లేకపోవడాన్ని రిపోర్టులో ఎవరు రాస్తారు?

నురగ ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఊపిరితిత్తి లోపలికి వెళ్లాలి. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో దాదాపు 48 కోట్ల గాలి గదులు ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో అయిదో వంతు వెడల్పు. వాటి లోపలి గోడలన్నీ తడిగా ఉంటాయి. తడి ఉన్నచోట తలతన్యత ఉంటుంది, అంటే నీటి ఉపరితలం తనంతట తాను ముడుచుకుపోవాలని చూస్తుంది. కూరగాయల ప్లాస్టిక్ కవరు లోపల తడిసి రెండు వైపులా అంటుకుపోతే విడదీయడానికి ఎంత తంటాలు పడతామో గుర్తుచేసుకుంటే చాలు. గాలి గదుల్లో ఉన్నది ఉత్త నీరే అయితే ఊపిరి వదిలిన ప్రతిసారీ అవి అలాగే మూసుకుపోవాలి. గది ఎంత చిన్నదైతే మూసుకుపోయే ఒత్తిడి అంత ఎక్కువ. నెలతక్కువ బిడ్డ గదులు మరీ చిన్నవి.

ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి ప్రధాన అడ్డంకి ఈ తలతన్యతేనని కుర్ట్ ఫాన్ నీర్‌గార్డ్ అనే శాస్త్రవేత్త 1929లోనే ప్రయోగం చేసి చూపించాడు. గాలికి బదులు ద్రవం నింపితే ఊపిరితిత్తి చాలా తేలిగ్గా సాగింది, ఎందుకంటే అప్పుడు గాలికీ నీటికీ మధ్య హద్దు ఉండదు. ఆ పరిశోధన పత్రం పాతికేళ్లు ఎవరికీ పట్టకుండా పడి ఉంది. మళ్లీ కదలిక తెచ్చినవి విషవాయువులు. ఫాస్జీన్ లాంటి వాయువు పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు నీరుపట్టి నురగ కక్కుతాయి. ఇంగ్లండ్‌లోని పోర్టన్ డౌన్ సైనిక పరిశోధన కేంద్రంలో రిచర్డ్ ప్యాటిల్ ఆ నురగను అణచే మందు కోసం వెతికాడు. ఏం వేసినా ఊపిరితిత్తుల బుడగలు పగలలేదు. వాటి పైన తలతన్యతను దాదాపు సున్నాకు దించే పొర ఏదో ఉండి తీరాలని 1955లో ప్రకటించాడు. అమెరికా సైన్యం వాళ్ల ఎడ్జ్‌వుడ్ కేంద్రంలో జాన్ క్లెమెంట్స్ 1957లో ఆ పొర గుణాన్ని కొలిచాడు. మనుషుల్ని చంపే వాయువుల మీద పని చేస్తున్న రెండు దేశాల సైనిక ప్రయోగశాలల్లోంచి పసిపిల్లల్ని బతికించే ఆనవాలు దొరికింది. దీన్ని విధి వైచిత్రి అనాలో, యుద్ధానికి పెట్టే ఖర్చు పసిపిల్లలకు పెట్టరు కాబట్టి ఇలా జరిగిందనాలో పాఠకులే తేల్చుకోవాలి.

క్లెమెంట్స్ పని సంగతి చెవిన పడగానే ఏవరీ 1957 చివర్లో ఎడ్జ్‌వుడ్ వెళ్లింది. ఆయన పరికరం చూడటానికి ఆర్భాటంగా ఏమీ లేదు. లోతులేని చిన్న తొట్టి, అందులో ఉప్పునీరు, పైన ఊపిరితిత్తి ముక్కను పిండి తీసిన సారం. ఒక పక్క నుంచి అడ్డుపట్టీ ముందుకూ వెనక్కూ జరుగుతూ నీటి ఉపరితలాన్ని కుదిస్తూ వదులుతూ ఉంటుంది, అచ్చం ఊపిరిలో జరిగినట్టే. మధ్యలో నీటిని తాకుతూ వేలాడే ప్లాటినం రేకును ఉపరితలం ఎంత బలంగా కిందికి లాగుతోందో చూస్తే తలతన్యత తెలిసిపోతుంది. ఉత్త నీటికి ఒంటి వేడి దగ్గర అది సెంటీమీటరుకు 70 డైన్లు ఉంటుంది. మామూలు ఊపిరితిత్తి సారాన్ని కుదిస్తే పదికంటే కిందికి పడిపోతుంది.

ఏవరీ బోస్టన్ తిరిగొచ్చి తనకూ అలాంటి పరికరమే తయారుచేయించుకుంది. హయలిన్ మెంబ్రేన్ జబ్బుతో పోయిన బిడ్డల ఊపిరితిత్తులు, వేరే కారణాలతో పోయిన బిడ్డలవి పక్కపక్కన పెట్టి కొలిచింది. జబ్బుతో పోయినవాళ్ల సారాన్ని ఎంత కుదించినా తలతన్యత తగినంత దిగలేదు. మరీ తక్కువ బరువుతో పుట్టినవాళ్లలోనూ అంతే. 1959లో ఏవరీ, మీడ్ కలిసి ఆ ఫలితాలు అచ్చువేశారు. గాజులాంటి ఆ పొర రోగానికి మూలం కాదని, జరిగిన నష్టానికి గుర్తని అప్పటి నుంచి స్పష్టమవుతూ వచ్చింది. గాలి గదులు మూసుకుపోతూ, బలవంతాన తెరుచుకుంటూ గోడలు దెబ్బతింటాయి. అప్పుడు రక్తంలోని మాంసకృత్తులు కారి అక్కడే గడ్డకడతాయి.

లేకుండా పోయిన పదార్థం పేరు సర్ఫాక్టెంట్. ఎక్కువ భాగం కొవ్వు, కొద్దిగా ప్రొటీన్లు. గాలి గదుల గోడల్లో ఉండే ప్రత్యేక కణాలు దాన్ని తయారుచేస్తాయి. బిడ్డకు సరిపడా సిద్ధమయ్యేసరికి సుమారు 34, 35 వారాలు పడతాయి. అంటే ఎనిమిదో నెల ముగిసేనాటికి బిడ్డ ఊపిరితిత్తులు ఏడో నెల కంటే ఎంతో మెరుగ్గా ఉంటాయన్నమాట.

కారణం తెలిసింది గానీ మందు లేదు. 1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు కెనెడీకి అయిదున్నర వారాల ముందే మగబిడ్డ పుట్టాడు. పేరు ప్యాట్రిక్, బరువు రెండు కిలోల పైన. మసాచుసెట్స్‌లోని సైనిక ఆస్పత్రిలో పుట్టిన పిల్లవాడిని హుటాహుటిన బోస్టన్ తీసుకెళ్లారు. ఎక్కువ పీడనంతో ఆక్సిజన్ అందించే గదిలో కూడా పెట్టి చూశారు. 39 గంటలకే పోయాడు. ఏవరీ పరిశోధన వెలువడి అప్పటికి నాలుగేళ్లు. ఇవాళ అదే వారాలకు, అదే బరువుతో పుట్టిన బిడ్డ చిన్న పట్టణం ఆస్పత్రిలో కూడా సాధారణంగా తేరుకుంటాడు.

మొదటి దారి గొర్రెపిల్ల దగ్గర దొరికింది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ అనే ప్రసూతి వైద్యుడు నొప్పులు ఎందుకు మొదలవుతాయో తెలుసుకోవడానికి గొర్రె పిండాలకు స్టెరాయిడ్ ఇచ్చి చూస్తున్నాడు. వాటిలో ఒకటి మరీ ముందుగా పుట్టింది. చచ్చిపోవలసిన పిల్ల ఊపిరి పీలుస్తూ కనిపించింది. తరవాత కోసి చూస్తే ఆ వయసులో తెరుచుకోకూడని ఊపిరితిత్తులు కొంతమేర తెరుచుకుని ఉన్నాయి. స్టెరాయిడ్ వాటిని తొందరగా పక్వానికి తెచ్చి ఉంటుందని లిగ్గిన్స్ ఊహించాడు. ఏవరీ బృందం కూడా గొర్రెలు, కుందేళ్ల మీద ప్రయోగాలు చేసి అవుననే తేల్చింది. 1972లో లిగ్గిన్స్, రాస్ హోవీ కలిసి 282 మంది గర్భిణుల మీద చేసిన పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. స్టెరాయిడ్ సూది ఇవ్వని తల్లుల పిల్లల్లో నాలుగో వంతుకు శ్వాస జబ్బు వస్తే, ఇచ్చినవాళ్ల పిల్లల్లో అది నూటికి తొమ్మిది.

ఇంత తేటతెల్లమైన మందును వైద్య లోకం వెంటనే అందిపుచ్చుకుందనుకుంటే పొరపాటు. మరో రెండు దశాబ్దాలు చాలామంది ప్రసూతి వైద్యులు దాన్ని ముట్టుకోలేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు గట్టిగా సిఫారసు చేసింది 1994లో. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ తన చిహ్నంగా ఈ స్టెరాయిడ్ పరీక్షల గ్రాఫ్‌నే పెట్టుకుంది. చేతిలో రుజువు ఉండి కూడా వాడకపోతే ఎన్ని ప్రాణాలు పోతాయో ఎప్పుడూ గుర్తుండాలని.

సర్ఫాక్టెంట్‌నే బయటి నుంచి ఇస్తే సరిపోదా అన్న ఆలోచన 1960లలోనే వచ్చింది. దానిలోని ముఖ్యమైన కొవ్వును తుంపరగా చేసి పీల్పించారు. పని చేయలేదు. ఆ దెబ్బకు కొంతకాలం ఆసక్తే చచ్చిపోయింది. స్వీడన్‌లో ఎన్‌హార్నింగ్, రాబర్ట్‌సన్ అనే పరిశోధకులు పట్టు వదలకుండా, నెలలు నిండని కుందేలు పిల్లల శ్వాసనాళంలోకి సహజ సర్ఫాక్టెంట్‌ను నేరుగా పోసి 1972లో ఫలితం చూపించారు. మనుషుల దగ్గరికి దాన్ని తెచ్చినవాడు జపాన్‌లోని అకితా విశ్వవిద్యాలయంలో పనిచేసిన తెత్సురో ఫుజివారా. ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌కు కొన్ని కొవ్వులు కలిపి, పాలలా తెల్లగా ఉండే ఆ ద్రవాన్ని పది మంది నెలతక్కువ పిల్లలకు గొట్టం ద్వారా శ్వాసనాళంలోకి పంపాడు. గంటల్లోనే వాళ్లకు కావలసిన ఆక్సిజన్ తగ్గిపోయింది. ఎక్స్‌రేలో తెల్లగా మూసుకుపోయి కనిపించిన ఊపిరితిత్తుల్లో మళ్లీ నల్లటి గాలి కనిపించింది. 1980లో లాన్సెట్ పత్రికలో ఆ నివేదిక వచ్చాక ప్రపంచమంతా పరీక్షలు మొదలయ్యాయి. 1990లో అమెరికా మొదటి సర్ఫాక్టెంట్ మందుకు అనుమతి ఇచ్చింది. ఏవరీ తొట్టిలో కొలిచిన లోటుకూ ఆస్పత్రిలో మందు సీసాకూ మధ్య ముప్ఫై ఏళ్లు నడిచాయి. అమెరికాలో ఈ జబ్బుతో పోయే శిశువుల సంఖ్య తరవాతి కాలంలో ఏటా వెయ్యి లోపుకు దిగింది.

ఈలోగా ఆస్పత్రుల్లోకి వెంటిలేటర్లు వచ్చాయి, వాటితోపాటు కొత్త జబ్బు కూడా. వెంటిలేటర్ మీద, ఎక్కువ ఆక్సిజన్‌తో బతికి బయటపడిన పిల్లల ఊపిరితిత్తులు మచ్చలు కట్టి పాడవుతున్నాయని స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు 1967లో గుర్తించారు. బతికించే యంత్రమే గాయం చేస్తోంది. 1974లో ఏవరీ బోస్టన్ పిల్లల ఆస్పత్రికి ప్రధాన వైద్యురాలైంది, ఆ పదవిలో మొదటి మహిళ. అంత ఎత్తుకు ఎదిగినవాళ్లు సాధారణంగా చేయని పని ఒకటి ఆమె చేసింది. అమెరికాలోని ఎనిమిది పేరున్న కేంద్రాల లెక్కలు పక్కపక్కన పెట్టి, ఎవరి దగ్గర పిల్లల ఊపిరితిత్తులు తక్కువ పాడవుతున్నాయో 1987లో బయటపెట్టింది. అందరికంటే మెరుగ్గా ఉన్నది న్యూయార్క్‌లోని కొలంబియా కేంద్రం. తన ఆస్పత్రి కాదు.

కొలంబియాలో తైవాన్ నుంచి వెళ్లిన జెన్ టియెన్ వుంగ్ అనే మత్తు వైద్యుడు గొంతులో గొట్టం వేయడానికి అంత తొందరగా ఒప్పుకునేవాడు కాదు. పుట్టిన కొద్దిసేపటికే ముక్కులో చిన్న గొట్టాలు పెట్టి, కొద్దిపాటి ఒత్తిడితో గాలి అందించేవాడు. గాలి బయటికి పోయే గొట్టం చివరను నీళ్ల సీసాలో కొన్ని సెంటీమీటర్లు ముంచుతారు. నీటి లోతు ఎంతో ఊపిరితిత్తుల్లో నిలిచే ఒత్తిడి అంత. సీసాలో బుడగలు గుడగుడమంటున్నంత సేపూ గాలి గదులు పూర్తిగా మూసుకుపోవు. పసిబిడ్డ మూలుగుతూ తనంతట తాను చేసుకోబోయే పని కూడా ఇదే. గొంతు సగం మూసి ఒత్తిడి నిలుపుకోవడానికే ఆ మూలుగు. ఒత్తిడితో గాలి ఇచ్చే పద్ధతిని శాన్ ఫ్రాన్సిస్కోలో జార్జ్ గ్రెగరీ అనే డాక్టరు 1971లోనే ఇరవై మంది పిల్లల్లో వాడి, పదహారు మందిని దక్కించుకున్నాడు. వుంగ్ దాన్ని మరింత సులువు చేశాడు.

మన దగ్గర ఈ నీళ్ల సీసా పద్ధతికే, అంటే బబుల్ సీపాప్‌కే, ఎక్కువ విలువ. జిల్లా ఆస్పత్రుల్లోని నవజాత శిశు విభాగాల్లో, ‘బాక్సులో పెట్టారు’ అని మనవాళ్లు చెప్పుకునే చోట, గుడగుడమనే ఆ సీసాలు కనిపిస్తాయి. సర్ఫాక్టెంట్ డోసుకు వేల రూపాయలు అవుతుంది. సీపాప్ ముందుగా పెడితే చాలామంది పిల్లలకు ఆ అవసరమే రాదు. తల్లికి ఇచ్చే స్టెరాయిడ్, అంటే డెక్సామెథసోన్ సూది, ఖరీదు మాత్రం కొద్ది రూపాయలే.

దేశంలో ఈ వైద్యం అవసరం ఎంత పెద్దదంటే, ఒక్క 2020లోనే భారత్‌లో దాదాపు 30 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి పరిశోధకులు వేసిన అంచనా. ప్రపంచంలో పుట్టిన నెలతక్కువ పిల్లల్లో అయిదో వంతుకు పైగా మనవాళ్లే. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు వచ్చిన తల్లికి పెద్దాస్పత్రికి పంపేముందు మొదటి డెక్సామెథసోన్ సూది ఏఎన్ఎం వేయవచ్చని కేంద్రం 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మన దేశం సహా అయిదు దేశాల్లో 29 ఆస్పత్రుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సూది మీద జరిపిన పరీక్షలో శిశు మరణాలు నూటికి 23.5 నుంచి 19.6కు తగ్గాయని 2020లో తేలింది.

అయితే ఈ మందును ఎక్కడ పడితే అక్కడ వాడటానికి లేదు. భారత్ సహా ఆరు దేశాల గ్రామీణ ప్రాంతాల్లో జరిగిన మరో పెద్ద పరీక్ష 2015లో వేరే సంగతి చెప్పింది. వారాలు సరిగ్గా లెక్కించకుండా, పుట్టిన బిడ్డను చూసుకునే వసతి లేకుండా సూది వేస్తే మేలు కనిపించలేదు సరికదా, మొత్తం మీద శిశు మరణాలు కొంత పెరిగాయి. సూది వెనక స్కానింగ్, వెచ్చదనం, సీపాప్, చూసుకునే నర్సు ఉంటేనే అది మందు.

పెద్దవాళ్ల సంగతేమిటన్న ప్రశ్న సహజం. కోవిడ్ రోజుల్లో ఇంటింటా విన్న ఏఆర్‌డీఎస్ అనే ఊపిరితిత్తుల గాయానికి 1967లో డెన్వర్ డాక్టర్లు మొదటిసారి రూపురేఖలు గీసినప్పుడు, ఇది అచ్చం పసిపిల్లల జబ్బులా ఉందే అనుకున్నారు. అదే గాజు పొర, అదే మూసుకుపోయిన గదులు. కానీ పెద్దవాళ్లకు సర్ఫాక్టెంట్ ఇచ్చి చేసిన పెద్ద పరీక్షల్లో మరణాలు తగ్గలేదు. పసిబిడ్డలో సర్ఫాక్టెంట్ ఇంకా తయారు కాలేదు. పెద్దవాళ్లలో తయారైనదాన్ని వాపు, కారిన ప్రొటీన్లు పాడుచేస్తాయి. మళ్లీ పోసినా దానికీ అదే గతి.

ఏవరీకి 1991లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం దక్కింది. 2011 డిసెంబరులో 84 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఆఖరి నెలసరి తేదీ, మొదటి స్కానింగ్ కాగితం జాగ్రత్తగా దాచండి. వారాల లెక్క తేలేది వాటితోనే. 34 వారాల లోపు నొప్పులు వచ్చినా, ఉమ్మనీరు పోయినా తెల్లారేదాకా ఆగొద్దు. నవజాత శిశు విభాగం ఉన్న ఆస్పత్రికి అప్పటికప్పుడు తీసుకెళ్లండి. ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ సూది వేయాలా అని డాక్టరును మీరే అడగండి. మొదటి సూదికీ కాన్పుకీ మధ్య ఒక రోజైనా దొరికితే అది బాగా పనిచేస్తుంది.